నీళ్ల సీసా, కానుగ నూనె, లేత్ మిషన్

బిలాస్‌పూర్ నుంచి సీపత్ వెళ్లే దారిలో మోప్కా వస్తుంది. నిన్నటిదాకా పల్లె, ఇవాళ నగరపు శివారు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే బిలాస్‌పూర్‌ను పెద్ద జంక్షన్ చేసింది. ఉత్తరాంధ్ర నుంచి ఆ కంపెనీ కొలువుల్లో చేరినవాళ్ల పిల్లలూ మనవలూ ఇక్కడే స్థిరపడ్డారు కాబట్టి ఈ ఛత్తీస్‌గఢ్ ఊళ్లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. 2003 నుంచి సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకు కేంద్రం కూడా బిలాస్‌పూరే. రైలు పట్టణంలో లోహాన్ని కోసే, తొలిచే, సానబట్టే పని ఏదో ఒక మూల సాగుతూనే ఉంటుంది. రైల్వే షెడ్లలో, సిర్గిట్టి, తిఫ్రా పారిశ్రామిక వాడల్లో, రేకుల కప్పు కింద ఒకే ఒక్క లేత్ పెట్టుకున్న చిన్న వర్క్‌షాపుల్లో టూల్ బిట్ మొన మీద తెల్లటి ద్రవం ధారగా పడుతుంటుంది. పట్టాల వెంట, మురుగు కాలువల్లో ఖాళీ నీళ్ల సీసాలు పోగుపడుతుంటాయి. ఆ సీసాను రసాయనికంగా విడగొట్టి, చెట్ల గింజల నూనెతో కలిపి, లేత్ మీద పడే ఆ ద్రవాన్ని తయారు చేయవచ్చని రసాయన శాస్త్రం చెబుతోంది. నిజంగానే చేయవచ్చు. అయితే ఆ ద్రవం పర్యావరణానికి మేలు చేస్తుందా అన్న ప్రశ్నకు జవాబు దాని పుట్టుకలో లేదు. మిషన్ కింది ట్యాంకులో అది ఎన్నాళ్లు నిలుస్తుంది, పని అయిపోయాక ఎక్కడికి పోతుంది అన్న రెండు విషయాల్లో ఉంది.

ముందు ఆ తెల్ల ద్రవం సంగతి. వర్క్‌షాపుల్లో దాన్ని కూలెంట్ అంటారు, కటింగ్ ఆయిల్ అంటారు. ఉక్కును కోసేటప్పుడు టూల్ మొన దగ్గర వేడి వందల డిగ్రీలకు చేరుతుంది. మొన మెత్తబడుతుంది, అరుగుతుంది, కోసిన తలం గరుకుగా వస్తుంది. అమెరికన్ ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ 1880లలో చేసిన ప్రయోగాల్లో, కోత పడే చోట నీటిని ధారగా పోస్తే కోత వేగాన్ని 30 నుంచి 40 శాతం పెంచవచ్చని తేలింది. 1906లో ఆయన ఈ ఫలితాలను ప్రకటించాడు. నీటికి చల్లబరిచే గుణం బాగా ఉంది, జారుడు గుణం లేదు, పైగా ఇనుముకు తుప్పు తెస్తుంది. నూనెకు జారుడు ఉంది, చల్లబరిచే శక్తి తక్కువ. రెండింటినీ కలపాలంటే మధ్యలో ఒక మధ్యవర్తి కావాలి. ఒక కొసతో నీటిని, ఇంకో కొసతో నూనెను పట్టుకునే అణువు అది. దాన్నే ఎమల్సిఫయర్ అంటారు. జిడ్డు చేతిని సబ్బు కడిగే తీరు ఇదే. బజారులో దొరికే సాల్యుబుల్ ఆయిల్‌లో సగానికి పైగా పెట్రోలియం నుంచి తీసిన మినరల్ ఆయిల్, మిగతాది ఎమల్సిఫయర్లు, తుప్పు నిరోధకాలు, బాక్టీరియాను చంపే మందులు. దీన్ని ఐదు నుంచి పది శాతం దాకా నీళ్లలో కలిపి ట్యాంకులో పోస్తారు. అంటే వంద లీటర్ల ద్రవంలో అసలు సరుకు ఐదు నుంచి పది లీటర్లు. ఈ లెక్క గుర్తుంచుకోవాలి, తరవాత దీనితో పని పడుతుంది.

ఇంతకాలం సాగుతున్న పద్ధతిని ఇప్పుడెందుకు మార్చాలి? మొదటి కారణం మిషన్ ముందు నిలబడే మనిషి. సరిగా శుద్ధి చేయని మినరల్ ఆయిళ్లను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో పెట్టింది. బాగా శుద్ధి చేసిన నూనె వాడినా చర్మం పగలడం, దురద, గాలిలో లేచే తుంపరల వల్ల ఊపిరితిత్తుల జబ్బులు ఉండనే ఉంటాయి. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియాష్ 1998లో ఈ తుంపర ఘనపు మీటరు గాలిలో 0.4 మిల్లీగ్రాములకు మించకూడదని సిఫారసు చేసింది. కిటికీ లేని రేకుల షెడ్డులో ఆ కొలత తీసేవాళ్లు ఎవరు? రెండో కారణం కలిపే మందులు. గట్టి లోహాల కోతకు దశాబ్దాలుగా వాడిన క్లోరినేటెడ్ పారాఫిన్లలో పొట్టి గొలుసు రకాన్ని స్టాక్‌హోమ్ ఒప్పందం 2017లో నిషేధపు జాబితాలో చేర్చింది, మధ్య గొలుసు రకం 2025లో చేరింది. పరిశ్రమ ఎలాగూ కొత్త సరుకు వెతుక్కోక తప్పదు. వెతుకులాట మొదలయ్యాక ఎటు వెళ్లాలన్నది మాత్రం మన చేతిలోనే ఉంది.

చెట్ల నూనె ఈ రంగానికి కొత్తదేమీ కాదు. పెట్రోలియం కందెనలు రాకముందు భారతీయ రైళ్ల దీపాలు ఆముదంతో వెలిగాయి, ఇరుసులకూ ఆముదమే పట్టించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో విమానాల రోటరీ ఇంజన్లు ఆముదం మీదే తిరిగాయి. అందుకు కారణం దాని నిర్మాణంలోనే ఉంది. ఆముదంలోని కొవ్వు ఆమ్లాల్లో 85 నుంచి 90 శాతం దాకా ఉండే రిసినోలిక్ ఆమ్లంలో ఒక హైడ్రాక్సిల్ గుంపు ఉంటుంది. ఆ గుంపు వల్ల నూనె చిక్కగా ఉంటుంది, లోహానికి గట్టిగా అంటుకుంటుంది. ఏ గింజ నూనె తీసుకున్నా దాని అణువుకు ధ్రువ స్వభావమున్న కొస ఉంటుంది. అది లోహపు తలాన్ని పట్టుకుని పలుచని పొరగా నిలుస్తుంది. మినరల్ ఆయిల్‌కు ఈ పట్టు లేదు కాబట్టే దానిలో మందులు కలపాల్సి వస్తుంది. గింజ నూనెలు మంటనందుకునే ఉష్ణోగ్రత కూడా ఎక్కువ కాబట్టి పొగ తక్కువ. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీలో కొవ్వుల రసాయనం మీద చాలాకాలంగా పని జరుగుతోంది. ఆముదాన్ని అధిక వేడితో విడగొడితే వచ్చే అండిసిలెనిక్ ఆమ్లం నుంచి కందెనలకు పనికొచ్చే ఎస్టర్లు తయారుచేసి, అక్కడి శాస్త్రవేత్తలు డెహ్రాడూన్ సహచరులతో కలిసి 2012లో ఫలితాలు ప్రచురించారు. ఒకప్పుడు ఆముదం పంటకు పేరున్న మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలకు ఇది దూరపు సంగతి కాదు.

అలాగని గింజ నూనెను తెచ్చి నేరుగా ట్యాంకులో పోస్తే చాలదు. అణువులో జంట బంధాలు ఎక్కువున్న నూనె గాలి తగిలి చిక్కబడుతుంది, మిషన్ మీద జిగురుగా పేరుకుంటుంది. బాక్టీరియాకు ఇది మంచి తిండి కాబట్టి ఆదివారం మిషన్ ఆపితే సోమవారం ట్యాంకు కంపు కొడుతుంది. ఏ నూనె అన్నదీ ముఖ్యమే. ఛత్తీస్‌గఢ్ అడవుల నుంచి సాల్ గింజలు విస్తారంగా వస్తాయి. కానీ సాల్ కొవ్వు మామూలు గది వేడిలో గడ్డకట్టి ఉంటుంది, చాక్లెట్ పరిశ్రమలో కోకో వెన్నకు బదులుగా దానికి మంచి గిరాకీ ఉంది. దాన్ని తెచ్చి లేత్ ట్యాంకులో పోయడం తెలివైన పని కాదు. కానుగ నూనె చేదు, తినడానికి పనికిరాదు, అందులో సగం దాకా ఉండే ఒలియిక్ ఆమ్లం గాలికి అంత తొందరగా చెడదు. ఈ పనికి అది సరిపోతుంది. తినే నూనెల్లో సగానికి పైగా దిగుమతి చేసుకుంటున్న దేశంలో వేరుశనగ నూనెతోనో పొద్దుతిరుగుడు నూనెతోనో కూలెంట్ చేయడమంటే తిండిలో చెయ్యి పెట్టడమే. అయితే హోటళ్లలో మరిగి మరిగి పారేయాల్సిన నూనె మాట వేరు. 2018 జులై 1 నుంచి ఆహార భద్రత సంస్థ వేపుడు నూనెలో ధ్రువ పదార్థాలు 25 శాతం మించకూడదని నిబంధన పెట్టింది. హద్దు దాటిన నూనె మళ్లీ బండి బజ్జీల మూకుట్లోకి చేరకుండా ఇలాంటి పనికి మళ్లితే రెండు విధాలా మంచిది.

ఇక్కడే ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. చెట్ల నూనె పేరుతో ఛత్తీస్‌గఢ్ ఒకసారి చెయ్యి కాల్చుకుంది కదా? నిజమే. అడవి ఆముదమని మనం పిలిచే జట్రోఫాను బీడు భూముల్లో నాటి డీజిల్ పండిస్తామని 2005లో రాష్ట్ర జీవ ఇంధన సంస్థను పెట్టి పెద్ద ఎత్తున మొక్కలు నాటించారు. నీరూ ఎరువూ లేని నేలలో మొక్క బతికింది గాని గింజ అంతగా పడలేదు, ఊహించిన డీజిల్ రాలేదు. 2018 ఆగస్టు 27న డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి ఎగిరిన స్పైస్‌జెట్ విమానంలో పావు వంతు జీవ ఇంధనం కలిపారు. ఆ ఇంధనానికి కావలసిన జట్రోఫా గింజలు ఛత్తీస్‌గఢ్ రైతులవే. ముచ్చటైన ప్రదర్శనే, కానీ అది ఒక్క విమానపు మాట. ఈ అనుభవం నుంచి నేర్చుకోవలసింది చెట్ల నూనె పనికిరాదని కాదు. ఇంధనంగా కాల్చేస్తే లీటరుకు వచ్చే విలువ తక్కువ, కావలసిన పరిమాణం అపారం. కందెన విషయంలో లెక్క తిరగబడుతుంది. కావలసింది కొద్ది, లీటరు ధర ఎక్కువ. అడవిలో, చేను గట్ల మీద ఇప్పటికే ఉన్న కానుగ చెట్ల గింజ ఏరితే సరిపోయే పనికి లక్షల ఎకరాల తోటలు అక్కర్లేదు.

ఇక ప్లాస్టిక్. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క ప్రకారం 2020–21లో దేశంలో దాదాపు 41 లక్షల టన్నుల ప్లాస్టిక్ వ్యర్థాలు పోగయ్యాయి. అయితే ప్లాస్టిక్ అంటే ఒకే వస్తువు కాదు, దీన్ని పట్టించుకోకుండా రాసేవాళ్లే ఎక్కువ. సంచులు, పాల ప్యాకెట్లు పాలిథిలిన్. దాని అణువు పొడవాటి కార్బన్ గొలుసు. గొలుసును సరైన పొడవుకు తెంపితే నూనే, మైనమూ వస్తాయి. డెహ్రాడూన్‌లోని భారతీయ పెట్రోలియం సంస్థ గెయిల్‌తో కలిసి 2019లో రోజుకు టన్ను ప్లాస్టిక్‌ను డీజిల్‌గా మార్చే ప్లాంటు పెట్టింది. టన్నుకు 800 లీటర్ల దాకా వస్తుందని అంచనా. అదే ఏడాది అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాల, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం తదితర సంస్థల శాస్త్రవేత్తలు స్ట్రాన్షియం టైటనేట్ మీద నాటిన ప్లాటినం నానో కణాలతో, 300 డిగ్రీల వేడిలో, హైడ్రోజన్ ఒత్తిడి కింద పాలిథిలిన్‌ను కందెనగా మార్చి చూపించారు. శాస్త్రంగా చక్కటి పని. ప్లాటినం, ఒత్తిడిలో ఉన్న హైడ్రోజన్, గంటల తరబడి వేడి కావలసిన ఈ దారి మాత్రం ఒక జిల్లా పట్టణపు పారిశ్రామిక వాడకు అందదు. మెత్తగా చెప్పడమెందుకు, పాలిథిలిన్ నుంచి కూలెంట్ అన్నది ప్రస్తుతానికి రిఫైనరీల పని.

నీళ్ల సీసాలు చేసే పెట్ అనే ప్లాస్టిక్ కథ వేరు. రైలు పట్టణానికి దగ్గరైన ప్లాస్టిక్ ఇదే. రైల్ నీర్ నీళ్ల సీసాలు నింపే రైల్వే సంస్థ ఐఆర్‌సీటీసీ కర్మాగారాల్లో ఒకటి బిలాస్‌పూర్‌లోనే ఉంది. పెట్‌లో టెరిఫ్తాలిక్ ఆమ్లం, ఇథిలిన్ గ్లైకాల్ ఒకదాని తరవాత ఒకటి ఎస్టర్ బంధాలతో గొలుసుగా ఉంటాయి. గింజ నూనెలోనూ ఉన్నది ఎస్టర్ బంధమే. ఈ సారూప్యం వల్లే ఇద్దరినీ ఒకే పాత్రలో కూర్చోబెట్టవచ్చు. సీసా ముక్కలను గ్లైకాల్‌తో, కొంచెం జింక్ ఎసిటేట్ వేసి, 190, 200 డిగ్రీల దగ్గర మరిగిస్తే గొలుసు తెగి చిన్న అణువులు వస్తాయి. ఒత్తిడి పెద్దగా అక్కర్లేదు, ప్లాటినంతో పనే లేదు. గ్లైకాల్ బదులు ఆముదంతోనే పెట్‌ను విడగొట్టవచ్చని చెక్ శాస్త్రవేత్తలు 2013లో మైక్రోవేవ్ వేడితో చేసి చూపారు. వాళ్ల లక్ష్యం పాలియురెథేన్ ముడిసరుకు, కానీ సీసా, ఆముదం ఒక అణువులో కలవగలవని దానితో రుజువైంది. ఈజిప్టు పెట్రోలియం పరిశోధన సంస్థలో వాడేసిన పెట్ నుంచి సబ్బు తీరు అణువులైన సర్ఫాక్టెంట్లు తయారుచేసి, ఉక్కుకు తుప్పు పట్టకుండా అవి ఏ మేరకు కాపాడతాయో పరీక్షించారు. పెట్‌ను అమైన్‌తో విడగొడితే వచ్చే అమైడ్‌లకూ లోహాన్ని అంటిపెట్టుకునే గుణముంది. వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరి చోటు ఎక్కడో తెలుస్తుంది. కూలెంట్‌లో నూనె పాత్ర కానుగకో ఆముదానికో ఇవ్వాలి. నూనెనూ నీటినీ కలిపి ఉంచే మధ్యవర్తి పాత్ర, తుప్పు ఆపే పాత్ర సీసా నుంచి వచ్చిన అణువుకు ఇవ్వాలి.

ఇప్పుడు మొదట చెప్పిన లెక్క దగ్గరికి రావాలి. వంద లీటర్ల ట్యాంకులో అసలు సరుకు ఐదు లీటర్లు అనుకుందాం. అందులో ఐదో వంతు పెట్ నుంచి చేసిన ఎమల్సిఫయర్ అనుకుంటే ఒక లీటరు. ఆ అణువులో సగం బరువు సీసాది అనుకున్నా అర కిలో. అంటే పాతిక ఖాళీ సీసాలు. ప్రపంచంలో అన్ని రకాల కందెనలూ కలిపి ఏటా నాలుగు కోట్ల టన్నుల లోపే, కొత్తగా తయారయ్యే ప్లాస్టిక్ నలభై కోట్ల టన్నులు. కోత ద్రవాలు ఆ కందెనల్లోనూ చిన్న భాగం. కాబట్టి ఈ ద్రవాన్ని ప్లాస్టిక్ సమస్యకు పరిష్కారమని అమ్మేవాళ్లను నమ్మనక్కర్లేదు. ఇంకో మాట. మన దేశంలో శుభ్రమైన పెట్ సీసా పారేసిన చోట ఉండదు. చిత్తు కాగితాలు ఏరేవాళ్లు దాన్ని వదలరు, అది పాలిస్టర్ దారంగా మారుతుంది. గట్టి ప్లాస్టిక్ ప్యాకింగులో 2025–26 నుంచి 30 శాతం తిరిగి వాడిన ప్లాస్టిక్ ఉండాలన్న నిబంధన వచ్చాక మంచి సీసాకు పోటీ ఇంకా పెరిగింది. అలాంటప్పుడు కూలెంట్ కోసం సీసాలెందుకు? మంచి సీసాలు వద్దు. రంగు సీసాలు, మురికి పట్టినవి, మిఠాయి ట్రేలు, దారపు మిల్లుల తుక్కు లాంటి దారానికీ సీసాకూ పనికిరాని సరుకు చాలు. రసాయనికంగా విడగొట్టే పద్ధతికి రంగు అంత అడ్డు కాదు, నల్లటి నూనెను లేత్ మీద ఎవరూ వెలివేయరు. ప్లాస్టిక్ కొండ తరగకపోయినా పెట్రోలియం నుంచి వచ్చే ఒక ఖరీదైన పదార్థం స్థానంలో ఇది నిలబడుతుంది. ఈ పథకానికి ఉన్న అసలు విలువ అదే.

మిషన్ పక్కన ప్లాస్టిక్ అనగానే మైక్రోప్లాస్టిక్ భయం కలగడం సహజం. సీసాను పొడి కొట్టి కలిపితే ఆ భయం న్యాయమే. ఇక్కడ గొలుసు తెగి అణువులుగా మారుతుంది. టెరిఫ్తాలిక్ ఆమ్లం తయారుచేసే కర్మాగారాలు తమ మురుగునీటిని బాక్టీరియాతోనే శుద్ధి చేస్తాయి, అంటే ప్రకృతికి ఇది అరగని పదార్థం కాదు. చర్య సగంలో ఆగి పొడవాటి ముక్కలు మిగిలితే మాత్రం ఆ హామీ ఇవ్వలేం. కాబట్టి తయారుచేసేవాళ్లు 28 రోజుల్లో 60 శాతం కుళ్లాలన్న ఓఈసీడీ పరీక్ష ఫలితం చూపించాలి, మాటతో సరిపెట్టకూడదు. నాకు ఇంతకన్నా పెద్ద భయం ఇంకోటుంది. కుళ్లిపోతుంది అనే మాటను చాలామంది పారబోయవచ్చు అన్న అనుమతిగా తీసుకుంటారు. ఒక లీటరు గింజ నూనె పూర్తిగా కుళ్లడానికి రెండున్నర కిలోలకు పైగా ఆక్సిజన్ కావాలి. వేసవిలో లీటరు నది నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ ఎనిమిది మిల్లీగ్రాములు దాటదు. అంటే ఆ ఒక్క లీటరు నూనె మూడు లక్షల లీటర్ల నీటికి ఊపిరాడకుండా చేయగలదు. బిలాస్‌పూర్ మురుగు చివరికి చేరేది అర్పా నదికే, వేసవిలో అందులో నీరు ఎంతుంటుందో అక్కడివాళ్లకు తెలుసు. నదిలోకి వదిలే నీటిలో నూనె, గ్రీజు లీటరుకు 10 మిల్లీగ్రాములు మించకూడదని చట్టం చెబుతుంది. కానుగ నూనె కూలెంట్‌కూ ఆ హద్దు అంతే.

అసలు ద్రవమే లేకుండా కోయవచ్చు కదా అనేవాళ్లున్నారు. కొన్ని చోట్ల కోస్తున్నారు కూడా. అరిగిన రైలు చక్రాలను తిరిగి రూపుకు తెచ్చే వీల్ లేత్‌ల మీద సాధారణంగా కార్బైడ్ టూళ్లతో పొడిగానే కోస్తారు. అది సాధ్యమైన చోట అంతకన్నా మంచి కూలెంట్ లేదు. కానీ లోతైన రంధ్రాలు, మరలు, సన్నటి కొలతల పని, అల్యూమినియం లాంటి జిగురు లోహాలు పొడిగా సాగవు. వీటికి మధ్యే మార్గం, గంటకు పదుల మిల్లీలీటర్ల నూనెను గాలితో కలిపి మొన మీద మాత్రమే చిమ్మడం. ట్యాంకు ఉండదు, నీళ్లుండవు, కాబట్టి కంపూ ఉండదు, పారబోసే బాధా ఉండదు. గింజ నూనె బలహీనతల్లో చాలావరకు నీళ్లలో నిలవ ఉన్నప్పుడు బయటపడేవే. ఈ పద్ధతిలో వాటికి తావే లేదు. నన్నడిగితే ఆముదపు, కానుగ ఎస్టర్లు ముందు అడుగుపెట్టాల్సిన చోటు ఇదే. గాలి యంత్రం ఉన్న సీఎన్‌సీ షాపులు ఇవాళే మొదలుపెట్టవచ్చు. మిగతా లేత్‌లకు పెట్ ఎమల్సిఫయర్‌తో చేసిన తెల్ల కూలెంట్ తరవాతి మెట్టు.

ఇక ధర. ఈ ద్రవాల లీటరు ఖరీదు మామూలు సాల్యుబుల్ ఆయిల్ కన్నా ఎక్కువే ఉంటుంది, దాచిపెట్టి లాభం లేదు. చిన్న వర్క్‌షాపు యజమాని లీటరు ధర చూసి కొంటాడు, అది అతని తప్పు కాదు. కానీ ట్యాంకు రెండు నెలలకు బదులు ఆరు నెలలు నడిస్తే, టూల్ బిట్లు తక్కువ అరిగితే, తీసేసిన ద్రవాన్ని ఎవరో వచ్చి పట్టుకుపోతే లెక్క మారుతుంది. ఆరు నెలలు నడవడమన్నది సరుకు మీద ఎంత ఆధారపడుతుందో వాడే తీరు మీదా అంతే ఆధారపడుతుంది. గేర్ల నుంచి కారి పైన తేలే నూనెను తీసేయడం, గాఢతను రిఫ్రాక్టోమీటర్‌తో వారానికోసారి చూడటం, బోరు నీటి ఉప్పుదనం ఎక్కువైతే మంచి నీళ్లతో కలపడం పెద్ద ఖర్చుతో కూడిన పనులేం కావు. సరుకు మంచిదో కాదో తేల్చడానికీ పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. పోత ఇనుము రజనును వడపోత కాగితం మీద పరిచి కూలెంట్‌తో తడిపి ఉంచితే కాగితం మీద తుప్పు మరకలు ఎన్ని పడ్డాయో కంటికే కనిపిస్తుంది. ఈ పరీక్ష ఐటీఐ కుర్రాడు కూడా చేయగలడు.

బిలాస్‌పూర్‌లో అన్నిటికన్నా పెద్ద కొనుగోలుదారు రైల్వేనే. రైల్వే ఏది అడిగితే సిర్గిట్టి, తిఫ్రా వాడలు అది తయారు చేయడం నేర్చుకుంటాయి. కూలెంట్ టెండర్లలో లీటరు ధరకు బదులు మిషన్‌కు నెలకయ్యే ఖర్చును పోల్చాలని, వాడేసిన ద్రవాన్ని అమ్మినవాడే వెనక్కి తీసుకెళ్లి శుద్ధి చేయాలని రెండు షరతులు రాస్తే చాలు. సీసాల సంగతి, గింజల సంగతి ఆ తరవాత వాటంతట అవే వస్తాయి. టెండరు కాగితం మీద ఆ రెండు వాక్యాలు చేర్చమని రైల్వే స్టోర్స్ అధికారులను కార్మిక సంఘాలు అడగాలి. మిషన్ ముందు రోజుకు ఎనిమిది గంటలు ఆ తుంపర పీల్చేది వాళ్ల సభ్యులే.